తుపాకీ తీసేశాక మిగిలిన పాట: ఒక యుద్ధ వ్యతిరేక రాక్ వీడియో, దాని రెండు కూర్పులు

విజయనగరంలో పెళ్ళిళ్ళ వీడియోలు, కళాశాల వార్షికోత్సవాల వీడియోలు తీసి, ఎడిట్ చేసి ఇస్తూ పద్నాలుగేళ్ళుగా బతుకుతున్నాను. కిందటి శీతాకాలంలో నలుగురు కుర్రాళ్ళ రాక్ బృందం ఒకటి నా దగ్గరికి వచ్చి, తాము రికార్డు చేసుకున్న పాటకు వీడియో తీసిపెట్టమని అడిగింది. పాట నిడివి 5 నిమిషాల 12 సెకన్లు, వేగం నిమిషానికి 100 దెబ్బలు. రాసింది గిటారు వాయించే కుర్రాడు. అతని తాతగారు 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేసి క్షేమంగా తిరిగివచ్చారు గానీ, ఆ తరువాత గడిచిన యాభై ఏళ్ళలో దాని గురించి ఇంట్లో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఆయన వెంట తెచ్చుకున్న నల్ల ఇనప ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో రాసిన పేరూ నంబరూ చెరిగిపోకుండా, గజపతినగరం దగ్గరి వాళ్ళ ఊళ్ళో అటక మీద ఇప్పటికీ ఉంది. పాట ఆ పెట్టెను గురించినది.

ఈ పనిలో మొదటి కూర్పు పూర్తిగా తప్పింది. ఎందుకు తప్పిందో, దాన్ని విప్పి రెండోది ఎలా కట్టామో, మా ప్రాంతంలో ఇలాంటి పాటలకు కెమెరా పట్టే తోటివారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

పాట రాసిన కుర్రాడు మొదటి రోజే ఒక షరతు పెట్టాడు. యుద్ధం వద్దని చెప్పే వీడియోలో సిపాయిని చిన్నబుచ్చే బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదు. మా రెండు జిల్లాల సంగతి తెలిసినవారికి ఆ షరతు వెనక ఉన్నది అర్థమవుతుంది. 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు మాకు కూతవేటు దూరంలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సైన్యంలో పనిచేస్తున్నవారో, చేసి వచ్చినవారో లేని ఊరు అరుదు. తెల్లవారుజామున అయోధ్యా మైదానం వైపు వెళ్తే, భర్తీ పరీక్షలోని 1,600 మీటర్ల పరుగు కోసం చీకట్లోనే పరిగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. ఆ ఉద్యోగంతో చెల్లెలి పెళ్ళి చేసినవాడు, తండ్రి అప్పు తీర్చినవాడు, పెంకుటింటిని శ్లాబు ఇల్లుగా మార్చినవాడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటి చోట యుద్ధాన్ని ప్రశ్నించాలంటే, ఆ ప్రశ్న యుద్ధానికి వెళ్ళి వచ్చిన మనిషి పక్కన నిలబడి అడగాలి.

పని మొదలుపెట్టే ముందు నేనూ ఆ నలుగురూ కూర్చుని పాత వీడియోలు చాలా చూశాము. వాటిలో మూడు మాకు పాఠాలయ్యాయి.

మొదటిది మెటాలికా బృందం 1989లో విడుదల చేసిన 'వన్'. అది వాళ్ళ మొట్టమొదటి మ్యూజిక్ వీడియో. బిల్ పోప్, మైకేల్ సాలమన్ దర్శకత్వం వహించారు. ఒక గిడ్డంగిలో బృందం వాయిస్తున్న నలుపు తెలుపు దృశ్యాల మధ్య, డాల్టన్ ట్రంబో తన నవల ఆధారంగా 1971లో తీసిన 'జానీ గాట్ హిజ్ గన్' సినిమా ముక్కలను అతికారు. ఆ కథలోని సిపాయి మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ చూపూ వినికిడీ మాటా పోగొట్టుకుని, ఆలోచన ఒక్కటే మిగిలి ఆసుపత్రి మంచం మీద పడి ఉంటాడు. తలను దిండుకేసి కొడుతూ మోర్స్ సంకేతాలతో తన మాట చెప్పుకోవాలని చూస్తాడు. వీడియోలో సినిమా సంభాషణలు పాట మీదుగానే వినిపిస్తాయి, చాలాచోట్ల పాటను మించి వినిపిస్తాయి. యుద్ధరంగం అందులో దాదాపు కనిపించదు. మంచం కనిపిస్తుంది, ముసుగు కనిపిస్తుంది, పక్కన నిలబడిన నర్సు కనిపిస్తుంది. పాట చివరి భాగంలో డ్రమ్ముల వరస మరతుపాకీ పేలినట్టు ఉంటుంది. ఆ వాయింపులోని ఉద్వేగం మంచం మీది మనిషి ముందు నిలవలేకపోవడంలోనే ఆ వీడియో బలం ఉందని నా అభిప్రాయం.

రెండోది క్రాన్‌బెర్రీస్ బృందం 1994లో పాడిన 'జాంబీ'. 1993 మార్చి 20న ఇంగ్లండులోని వారింగ్టన్ పట్టణంలో బాంబులు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయిన తరువాత పుట్టిన పాట అది. దర్శకుడు శామ్యూల్ బేయర్ ఉత్తర ఐర్లండు రాజధాని బెల్‌ఫాస్ట్ వీధుల్లోని పిల్లలనూ గస్తీ తిరిగే సైనికులనూ నలుపు తెలుపులో చూపి, ఒంటినిండా బంగారు రంగు పూసుకుని శిలువ ముందు నిలబడిన గాయనిని రంగుల్లో చూపాడు. జరిగినదానికి ఒక రంగు, ఊహించినదానికి ఒక రంగు అన్న విభజన ఎంత శక్తిమంతమైనదో అక్కడ తెలుసుకున్నాము. అదే విభజనను మేము ఎందుకు తిరగేయవలసి వచ్చిందో తరువాత చెబుతాను.

మూడోది గ్రీన్ డే బృందం 2005 నాటి 'వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్'. దాని దర్శకుడు కూడా బేయరే. పాటలో యుద్ధం ఊసే లేదు. గాయకుడు తన చిన్నతనంలో, 1982 సెప్టెంబరులో, చనిపోయిన తండ్రి గురించి రాసుకున్నాడు. ఇరాక్ యుద్ధానికి వెళ్ళిన కుర్రాడినీ అతని కోసం ఎదురుచూసే అమ్మాయినీ తెచ్చింది బొమ్మ మాత్రమే. పైగా మధ్యలో పాటను ఆపి ఇద్దరినీ మాట్లాడనిచ్చారు. అలా వీడియో ఏడు నిమిషాలు దాటింది. పాటను ఆపడానికి ఒప్పుకునే బృందాలు తక్కువ. మా వాళ్ళు కూడా అప్పుడు ఒప్పుకోలేదు.

చూసినంతసేపూ ఈ సంగతులన్నీ మాకు అర్థమైనట్టే ఉంది. కెమెరా చేతికి వచ్చాక ఒక్కటీ గుర్తులేదు.

మొదటి చిత్రీకరణ మూడు రోజులు సాగింది. నెల్లిమర్ల దారిలో ఖాళీగా పడివున్న ఒక గోనె సంచుల గొడౌను అద్దెకు తీసుకున్నాము. గోగునార వాసన ఇంకా పోని చోటు అది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల ముందు పేర్చిన ఇసుక బస్తాలకు కలకత్తా జూట్ మిల్లుల సంచులే పెద్ద ఎత్తున ఓడలెక్కాయన్న సంగతి నేను చదివి ఉన్నందువల్ల, గోనె బస్తాల గోడ కట్టించి దాని ముందు బృందాన్ని నిలబెట్టాను. పొగ యంత్రం పెట్టాను. 24 మిల్లీమీటర్ల లెన్సును నేలకు ఆనించి, గిటారు పట్టుకున్న కుర్రాడు ఆకాశాన్ని అంటినట్టు కనిపించేలా తీశాను. నాటకాల సామాను ఇచ్చేవారి దగ్గర చెక్క తుపాకులు, సైనిక దుస్తులు అద్దెకు తెచ్చి, ఆరుగురు కుర్రాళ్ళను చంపావతి ఒడ్డున పరిగెత్తించాను. సెకనుకు 100 ఫ్రేములతో తీసి 25 ఫ్రేముల్లో నడిపిస్తే, నాలుగు రెట్లు నెమ్మదించిన ఆ పరుగులో ఇసుక రేణువు కూడా లెక్కపెట్టేలా కనిపించింది. కొన్ని షాట్లకు షట్టరును, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 200వ వంతుకు తగ్గించాను. 25 ఫ్రేముల దగ్గర మామూలుగా వాడే 50వ వంతుతో వచ్చే మెత్తని మసక దీనితో పోయి, ప్రతి కదలికా తునకలు తునకలుగా, గుండెదడగా కనిపిస్తుంది. రెండో చరణంలో బొబ్బిలి మాట వస్తుంది కాబట్టి బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభం చుట్టూ డ్రోను తిప్పాను.

ఎడిటింగు కూడా ఆ ఊపులోనే నడిచింది. నిమిషానికి 100 దెబ్బలంటే 25 ఫ్రేముల లెక్కలో దెబ్బకు సరిగ్గా 15 ఫ్రేములు, నాలుగు దెబ్బల ఆవృతానికి 60 ఫ్రేములు, అంటే 2.4 సెకన్లు. పాట మొత్తం 130 ఆవృతాలు. ఇంత శుభ్రంగా లెక్క కుదిరే పాట దొరకడం ఎడిటరుకు పండగ. ప్రతి కోతా, అంటే ఒక షాటు నుంచి ఇంకో షాటుకు మారే ప్రతి చోటూ, దెబ్బ మీద పడింది. డ్రమ్ముల వరస దగ్గర టపాకాయల చప్పుడును తుపాకీ మోతగా కలిపాను. మొత్తం 208 షాట్లు, సగటున ఒక్కోటి ఒకటిన్నర సెకను.

ఆ కూర్పును పాట రాసిన కుర్రాడి ఇంట్లో, ముందు గదిలోని టీవీలో పెట్టి చూపించాము. తాతగారు, మామ్మగారు, కుర్రాడి తల్లిదండ్రులు, పక్కింట్లో ఉండే ఒక రిటైర్డ్ హవల్దారు గారు కూర్చున్నారు. రెండో నిమిషం దాటాక మొదటి టపాకాయ మోత వచ్చేసరికి తాతగారు మెల్లగా లేచి, ఎవరినీ ఏమీ అనకుండా, వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నారు. పాట అయిపోయాక కూడా లోపలికి రాలేదు. హవల్దారు గారు మాత్రం చివరిదాకా చూసి, నిజంగా సంతోషించి, నా భుజం తట్టి, "బాగుంది బావూ. మా మనవడు సూసినాడంటే రేపొద్దున్నే పరుగుకెల్లిపోతాడు" అన్నారు.

ఆ రెండు స్పందనలూ కలిసి ఒకే మాట చెప్పాయి. యుద్ధాన్ని అనుభవించిన మనిషిని మా వీడియో గదిలోంచి లేపేసింది. అనుభవించని పిల్లవాడిని అది యుద్ధానికి పిలుస్తుంది. ఆ రాత్రి నేను తాతగారి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన "నీ తప్పేటుంది నాయినా" అన్నారు. అంతకుమించి ఇద్దరమూ మాట్లాడలేదు.

తప్పు ఎక్కడుందో వెతకడానికి నాకు వారం పట్టింది. ఒక్కో షాటునూ విడిగా తీసి చూస్తే ఏదీ అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెబుతున్నది వాటి నడక. నేల మీంచి పైకి చూసే లెన్సు ఎవరినైనా వీరుణ్ణి చేస్తుంది. నాలుగు రెట్లు నెమ్మదించిన కదలిక దేన్నైనా అందంగా చేస్తుంది, పడిపోతున్న మనిషిని కూడా. దెబ్బ మీద పడే కోత చూసేవాడి ఒంటికి హాయినిస్తుంది, పాదం తనంతట తాను ఊగుతుంది. పెళ్ళి ఊరేగింపును నేను పద్నాలుగేళ్ళుగా తీస్తున్నది ఈ మూడు పనిముట్లతోనే. పెళ్ళికొడుకును గుర్రం మీద గొప్పగా చూపించే పద్ధతిని తీసుకెళ్ళి సిపాయి చావుకు వాడాను. సాహిత్యం ఎంత వద్దు వద్దని అరిచినా, బొమ్మ రా రమ్మంటూనే ఉంది. రాక్ సంగీతానికి సహజంగానే ఉద్వేగం ఎక్కువ కాబట్టి, ఆ పిలుపు మరింత గట్టిగా వినిపిస్తుంది.

బొబ్బిలి షాటు గురించి విడిగా చెప్పాలి. 1757 జనవరి 24న విజయనగరం పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. ఆ కథను జంగం దేవరల నోట, బుర్రకథల్లో మేమంతా విని పెరిగాము. తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజును చంపడం దగ్గర ప్రతి ఊళ్ళోనూ ఈలలు పడతాయి. ఆ సంఘటనకు ముందు, కోట ఇక నిలవదని తెలిసిన తరువాత, లోపలి ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని సొంతవాళ్ళే వాళ్ళను చంపుకున్నారు. అది కథలో ఉన్నదే, ఎవరూ దాచలేదు. కానీ వినేవాడి గుండె అప్పటికే పాపారాయుడి పగ వైపు పరుగెడుతుంది కాబట్టి, ఆ గదుల దగ్గర ఆగడు. స్మారక స్తంభం చుట్టూ నేను తిప్పిన డ్రోను కూడా ఆగలేదు. ఆ స్తంభం గానీ, 1971 విజయానికి గుర్తుగా విశాఖ సముద్రతీరంలో ఉన్న స్మారకం గానీ, వాటి గౌరవం వాటిది. తీసేటప్పుడు నేను చూడవలసింది వాటి నీడ ఎవరి మీద పడుతోందన్నది.

రెండో కూర్పుకు ముందు నేనూ బృందమూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాము. తుపాకీ కనిపించకూడదు. పేలుడు వినిపించకూడదు. కెమెరా నేల మీంచి మనిషిని పైకి చూడకూడదు. చంపావతి ఒడ్డున తీసినదంతా, డ్రోను షాట్లతో సహా, పక్కన పెట్టేశాము. డ్రమ్ములు వాయించే కుర్రాడికి అది చాలా కష్టమైంది. తన వరస మీద అమర్చిన ఆ ఇసుక పరుగు అతనికి ప్రాణం. అయినా ఒప్పుకున్నాడు.

తుపాకీ లేకపోతే ఏమి చూపాలన్న ప్రశ్నకు సమాధానం ఆ ఇంట్లోనే దొరికింది. తాతగారు రోజూ ఉదయం నాలుగున్నరకు లేచి, కప్పుకున్న దుప్పటిని నాలుగు మూలలూ సమంగా వచ్చేలా, చేతి జానతో కొలుచుకుంటూ మడుస్తారు. మనవడికి అది చిన్నప్పటి నుంచీ తెలిసిన దృశ్యం కాబట్టి పాటలో రాయాలని కూడా తోచలేదు. తీయనిస్తారా అని అడిగించాను. ముఖం కనిపించకపోతే తీసుకోమన్నారు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో, ఆయన చేతుల ఎత్తున కెమెరాను స్టాండు మీద పెట్టి, నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. 16 ఆవృతాలు, అంటే 38 సెకన్లకు పైగా, ఒక్క కోత కూడా లేకుండా ఆ చేతులు దుప్పటి మడుస్తాయి. మీద గిటార్లు పూర్తి డిస్టార్షన్‌తో, గరగరలాడే గొంతుతో అరుస్తుంటాయి. శబ్దం పరిగెత్తుతుంది, చేతులు పరిగెత్తవు. వీడియోలో నేను నమ్మే షాటు అది.

ఆ గదిలో వెలుతురంతా ఒక్క ట్యూబ్‌లైటుది. మొదటి చిత్రీకరణలో 200వ వంతు షట్టరుతో అదే ఇంట్లో తీసిన రెండు షాట్లలో అడ్డంగా నల్లని పట్టీలు కదులుతూ వచ్చాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరు 50వ వంతో 100వ వంతో ఉంటేనే ఆ మినుకు ప్రతి ఫ్రేములోనూ సమంగా పడి కనబడకుండా పోతుంది. ఇది తెలిసిన సంగతే. యుద్ధపు దడ పుట్టించాలన్న తొందరలో మరిచిపోయాను. ఈసారి అంతా 50వ వంతు మీదే తీశాను.

డ్రమ్ముల వరస దగ్గర మరతుపాకీని తలపించే వాయింపును ఏమి చేయాలన్నది పెద్ద చిక్కు. దాన్ని విప్పింది డ్రమ్ముల కుర్రాడే. తమ ఊరి తప్పెటగుళ్ళ కళాకారులను పిలిపించి, వాళ్ళ దెబ్బను తన వాయింపు కింద మళ్ళీ రికార్డు చేశాడు. తప్పెటను రొమ్ముకు కట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు. అందువల్ల ప్రతి దెబ్బా వాయించేవాడి ఎదురొమ్ము మీదే పడినట్టుంటుంది. ఎదుటివాడిని కొట్టే చప్పుడు, మనిషి తన గుండె మీద తాను కొట్టుకునే చప్పుడుగా మారిపోయింది. ఆ భాగంలో బొమ్మ మాత్రం కదలదు. అటక మీద ట్రంకు పెట్టె, దాని మీది నంబరు, తాళం కప్పకు పట్టిన తుప్పు. తొమ్మిది ఆవృతాల పాటు అంతే.

కోతలను కూడా దెబ్బ మీంచి తప్పించాను. ప్రతి కోతనూ దెబ్బ తరువాత 6 ఫ్రేములకు, అంటే దాదాపు సెకనులో నాలుగో వంతు ఆలస్యంగా వేశాను. ఊగబోయిన పాదం ఆ ఆలస్యంతో తడబడుతుంది, చూసేవాడు ఊగడం మాని చూడడం మొదలుపెడతాడు. ఇది ఎక్కడా పుస్తకంలో చదివినది కాదు. పది రకాలుగా వేసి చూసి, ఆరు దగ్గర ఆగాను. నాలుగైతే పొరపాటులా, ఎనిమిదైతే మరో తాళంలా ఉంది.

రంగు విషయంలో గొడౌనులో బృందం వాయించే భాగాన్ని నలుపు తెలుపులోకి మార్చి, ఇంటిని రంగుల్లో ఉంచాము. గతాన్ని నలుపు తెలుపు చేయడం అందరూ చేసే పని. అలా చేస్తే తాతగారి యుద్ధం ఎప్పుడో అయిపోయిన ముచ్చటగా దూరం జరిగిపోతుంది. ఆయనకు అది ఈ ఉదయం నాలుగున్నరకు, పచ్చ గళ్ళ దుప్పటి మడతలో, ఇంకా జరుగుతోంది. అందుకే రంగు ఇంటికి ఇచ్చాము.

బొబ్బిలి చరణానికి ఒక పాత ఇంటి తలుపును లోపలి నుంచి తీశాము. తలుపు మూసుకుంటుంది, గడియ పడుతుంది, తరువాత నాలుగు ఆవృతాలు తెర పూర్తిగా నల్లగా ఉంటుంది. తప్పెట దెబ్బ ఒక్కటే వినిపిస్తుంది. 9.6 సెకన్ల చీకటి టీవీలో చాలా పెద్దది. చూపిస్తే మా దగ్గరి డబ్బుకూ నటులకూ నాసిరకంగా వచ్చేదన్నది నిజమే. ఎంత డబ్బున్నా ఆ గదుల్లోకి కెమెరాతో వెళ్ళే హక్కు నాకుందని మాత్రం అనుకోను.

పాటను ఆపడానికి మొదట ఒప్పుకోని బృందం చివరికి తానే అడిగింది. మూడో చరణం ముందు సంగీతం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇరవై సెకన్లు ఇంటి చప్పుళ్ళే ఉంటాయి. ఫ్యాను, దూరంగా రైలు, వంటింట్లో గిన్నె. మామ్మగారి గొంతు "అన్నం ఎట్టమంటావా?" అని అడుగుతుంది. జవాబు రాదు. కంచం పెట్టిన చప్పుడు వస్తుంది. అది మేము రాసి చెప్పించిన మాట కాదు, దుప్పటి తీసిన రోజునే మైకులో పడింది. ఇద్దరి అనుమతీ తీసుకున్నాకే వాడాము. ఆ ఇరవై సెకన్లతో వీడియో 5 నిమిషాల 32 సెకన్లయింది. మొత్తం 54 షాట్లు, సగటున ఒక్కోటి ఆరు సెకన్లకు కొంచెం పైన.

చివరి భాగం అయోధ్యా మైదానంలో మంచులో పరిగెత్తే కుర్రాళ్ళది. మామూలు వేగంతో, కళ్ళ ఎత్తున, వాళ్ళతో సమానంగా మోటారు సైకిలు మీద వెళ్తూ తీసిన ఒకే షాటు. ఇక్కడ నాకు ఇప్పటికీ అసంతృప్తి ఉంది. మంచు, ఎదురుగా వచ్చే వెలుతురు కలిసి ఆ షాటును కావలసినదానికంటే అందంగా చేశాయి. మబ్బు పట్టిన రోజు మళ్ళీ తీద్దామనుకున్నాము గానీ, అప్పటికి భర్తీ పరీక్ష అయిపోయి మైదానం ఖాళీ అయింది.

రెండో కూర్పును అదే గదిలో, అదే టీవీలో చూపించాము. తాతగారు చివరిదాకా కూర్చున్నారు. దుప్పటి షాటు దగ్గర కొంచెం ముందుకు వంగి, "ఆ కుడిపక్క మూల సరిగ్గా రాలేదు" అన్నారు. అంతే అన్నారు. హవల్దారు గారు ఈసారి నా భుజం తట్టలేదు. ట్రంకు పెట్టె నంబరు తెర మీద నిలిచినంతసేపూ ఆయన పెదవులు కదిలాయి. తన నంబరు చెప్పుకుంటున్నారని తరువాత తెలిసింది.

మైదానంలో పరిగెత్తినవారిలో ఒక కుర్రాడు నెల తరువాత నా దుకాణానికి వచ్చాడు. పరుగులో నెగ్గాడు, వైద్య పరీక్ష కూడా అయిపోయింది, శిక్షణకు వెళ్ళబోతున్నాడు. తను కనిపించే ఆ షాటును అమ్మ ఫోనులో వేసి ఇవ్వగలరా అని అడిగాడు. పాట లేకుండా, కోయని ముక్క, 1 నిమిషం 36 సెకన్లు, వాళ్ళ ఊపిరి చప్పుడుతో సహా వేసి ఇచ్చాను.